చెరువుకి శుద్ధి చేసినవాళ్ళు బోరుకి చేయరేం?



ఈ వారం కూడా కులం గురించే రాస్తున్నాను గానీ, దారి కొంచెం చుట్టు. నేల కింద నీళ్ళ గురించి, విషం ఎక్కిన మట్టిని బాగుచేసే ఇంజనీరింగ్ గురించి. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసి తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషికి ఇదేం పని అంటారని తెలుసు. కారంచేడు దగ్గర మొదలుపెడితే జవాబు దానంతట అదే వస్తుంది.

1985 జూలై 16. కారంచేడు మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్ళు గేదెలకి కుడితి పెట్టిన బకెట్లు కడుగుతున్నారు. ఆ మురికి తాగే నీళ్ళల్లోకి పోతోంది. వద్దని అడ్డం చెప్పినవాడు కత్తి చంద్రయ్య. అతని మీద చెయ్యి చేసుకుంటుంటే, నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, 17న, పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఇవాళ మనం ఎరిగిన తెలుగు దళిత ఉద్యమం ఆ చెరువు గట్టు మీద పుట్టింది. ఆత్మగౌరవం అనే మాటతో పాటు అక్కడ ఇంకో మాట కూడా ఉంది: మా నీళ్ళు పాడుచేయొద్దు. మొదటి మాటని నలభై ఏళ్ళుగా మోసుకొచ్చాం. రెండోదాన్ని ఎక్కడో దారిలో దించేశాం.

సాహిత్యం చదివినవాళ్ళకి ఉండే జబ్బు ఒకటుంది, మాట దొరికితే దాని పుట్టుక వెతుకుతాం. విషం ఎక్కిన భూగర్భ జలాన్ని, మట్టిని బాగుచేసే పనికి మన ప్రభుత్వ కాగితాల్లో వాడే మాట 'శుద్ధి'. ఒక్కోసారి 'ప్రక్షాళన'. ఈ మాట వినగానే నాకు మహద్ గుర్తొస్తుంది. 1927 మార్చి 20న బాబాసాహెబ్ చవ్‌దార్ చెరువు నీళ్ళు తాగాడు, వెనక వేలమంది తాగారు. తర్వాత సవర్ణులు 108 కుండల్లో పెరుగు, పాలు, పేడ, గోమూత్రం కలిపి, మంత్రాలు చదివి ఆ చెరువులో పోయించారు. అదీ శుద్ధి. పేడా మూత్రమూ కలిస్తే శుభ్రం, మనిషి చెయ్యి తగిలితే మైల. అదే దేశంలో ఇవాళ దళితవాడ బోరులో ఫ్లోరైడ్ ఉన్నా, సీసం ఉన్నా, నైట్రేట్ ఉన్నా 108 కుండలు కాదు కదా, ఒక్క సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళి పరీక్ష చేసే దిక్కు ఉండదు. అందుకే ఈ వ్యాసంలో నేను శుద్ధి అనను. నేల బాగు అంటాను. ఒళ్ళు బాగు చేసుకోవడం లాంటిదే ఇదీ.

ఇక్కడ చట్టం మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. కారంచేడుకీ చుండూరుకీ మధ్యలో, 1989లో, అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే నీటి వనరుని పాడుచేసి, వాడకానికి దాని యోగ్యత తగ్గించడం ఆ చట్టం ప్రకారం నేరం. 2015 సవరణ తర్వాత ఆ క్లాజు సెక్షన్ 3(1)(ఎక్స్). కులం పేరుతో తిట్టిన కేసుల్లో మనం వెంటనే అందుకునే క్లాజులు పక్కపక్కనే ఉన్నాయి, దీన్ని మాత్రం తీసి వాడటం లేదు. కంపెనీకి కులమేంటని వకీళ్ళు వాదిస్తారు. కంపెనీకి లేకపోవచ్చు. కాలువ ఎటు తవ్వాలో, మురుగు ఎవరి పేట వైపు వదలాలో నిర్ణయించిన మనిషికి ఉంటుంది.

సరే, మా వైపు సంగతి. జి.కొండూరు మీదుగా పోయే రోడ్డు మైలవరం దాటి తిరువూరు వైపు వెళ్తే ఎ.కొండూరు మండలం వస్తుంది. పేర్లు దగ్గరగా ఉండటంతో బయటివాళ్ళు రెండూ ఒకటే అనుకుంటారు. అక్కడి లంబాడా తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్నేళ్ళుగా మనుషుల్ని తింటోందో ఈ జిల్లాలో అందరికీ తెలుసు. శ్రీకాకుళం ఉద్దానంలో ఉన్న బాధే, చిన్న కొలతలో. ఉద్దానంలో ఎన్నో బృందాలు వచ్చి వెళ్ళినా ఇదీ కారణం అని ఒక్కదాన్ని తేల్చలేదు. నేల కింద నీళ్ళు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోయేదాకా చేసే చాకిరీ, నొప్పి మాత్రలు, పురుగుమందులు అన్నీ అనుమానితుల వరసలో నిలబడి ఉన్నాయి. ప్రభుత్వం ఉద్దానానికి ఏం చేసింది? హిరమండలం నుంచి 700 కోట్ల పథకంతో నీళ్ళు తెచ్చింది, పలాసలో 200 పడకల ఆసుపత్రీ కిడ్నీ పరిశోధన కేంద్రమూ 2023 డిసెంబరులో తెరిచింది. ఎ.కొండూరుకి కృష్ణా నీళ్ళ పైపులైను.

ఇవి వద్దనే మూర్ఖత్వం నాకు లేదు. గొంతు ఎండేవాడికి ముందు నీళ్ళు కావాలి, డయాలసిస్‌కి దగ్గరలో మంచం కావాలి. కానీ ఒకటి గమనించండి. నీళ్ళు బయట నుంచి తెచ్చారు, ఆసుపత్రి కట్టారు, ఇక కింద ఉన్న నేల సంగతి ముగిసిపోయింది. ఆ నేలలో పండే కూర, ఆ బోరు నీళ్ళు తాగే గేదె, కరెంటు పోయి పైపు రాని రోజు మళ్ళీ అదే చేతిపంపు, వీటి లెక్క ఎవరి దగ్గరా లేదు. రోగి నేల. దానికి మందు వేయకుండా పక్కన పడుకున్నవాళ్ళని మాత్రం వేరే గదిలోకి మార్చారు.

ఆ పైపు కూడా రాని మిగతా పల్లెలకి ఇరవై లీటర్ల టిన్ను ఉంది. ఆర్.ఓ. ప్లాంటు పెట్టేశాం, దళితవాడకి మంచినీళ్ళు ఇచ్చేశాం అని ఫ్లెక్సీలు కట్టుకుంటారు. ఆ ప్లాంటు ఏం చేస్తుందో ఎప్పుడైనా వెనక్కి వెళ్ళి చూశారా? నీళ్ళని రెండు పాళ్ళు చేస్తుంది. ఒక పాలు టిన్నులోకి. బోరులో ఉన్న ఉప్పూ, ఫ్లోరైడూ, మిగతావీ చిక్కబడిన రెండో పాలు వెనక గొట్టంలోంచి సైడు కాలువలోకి. అక్కడి నుంచి మళ్ళీ నేలలోకి. రోజుకి పది రూపాయల టిన్ను ఒకటి అనుకున్నా కూలి మనిషికి నెలకి మూడొందలు, విషాన్ని పెరట్లోనే చిక్కబెట్టుకోవడానికి.

నేల బాగు అనేది అయ్యే పనేనా? అవుతుంది. ఎలా అవుతుందో మనం తెలుసుకోవాలి, లేకపోతే ఇంజనీరు చెప్పిందానికి తల ఊపడమే మన పని అవుతుంది.

నేల కింద నీళ్ళు చెరువులాగా నిలబడి ఉండవు. చాలా నెమ్మదిగా, ఒక్కోచోట ఏడాదికి కొద్ది మీటర్లు మాత్రమే జరుగుతూ ఉంటాయి. ఈ రోజు గుంటలో పారబోసింది మీ అమ్మాయి పెళ్ళినాటికి పక్క వీధి బోరులో తేలొచ్చు. అప్పటికి పారబోసినవాడు కంపెనీ పేరు మార్చుకుని ఉంటాడు. అన్నిటికన్నా పాత పద్ధతి, నీళ్ళు పైకి తోడి, శుభ్రం చేసి వదలడం. ఏళ్ళ తరబడి తోడాలి. మోటారు ఆపగానే మట్టి రేణువులకి అంటుకుని ఉన్న విషం మళ్ళీ నీళ్ళల్లోకి దిగి, లెక్క మొదటికొస్తుంది. దానికి విరుగుడుగా 1991లో కెనడాలో వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్ళు బోర్డెన్ అనే చోట ఒక ప్రయోగం చేశారు. నీళ్ళు పారే దారికి అడ్డంగా కందకం తవ్వి, ఇనప రజను నింపారు. నీళ్ళు దానిలోంచి వాటంతట అవే పోతాయి, క్లోరిన్ ఉన్న ద్రావకాలు ఇనుముతో చర్య జరిపి విరిగిపోతాయి. విషపు క్రోమియం కూడా ఇనుము తగిలితే కదలని, అంత హాని లేని రూపంలోకి మారుతుంది. కరెంటు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ మిషన్ల కింద రాలే ఇనప రజను చూసినప్పుడల్లా నాకు ఆ కందకం గుర్తొస్తుంది.

కానీ బోర్డెన్‌లో కింద ఉన్నది ఇసుక. పటాన్‌చెరు కింద ఉన్నది గ్రానైట్. మన వైపూ చాలాచోట్ల కొంచెం లోతుకి పోగానే రాయే. రాతి చీలికల్లో నీళ్ళు ఎటు పోతాయో కందకం తవ్వేవాడికి ముందే తెలియాలి. అంటే ఇక్కడి రాయికి ఇక్కడి పరిశోధనే కావాలి, కెనడా పేపరు తెచ్చి అతికిస్తే కుదరదు. పర్యావరణ ఇంజనీరింగ్‌లో ఎం.టెక్., పీహెచ్.డీ. చేస్తున్న మన పిల్లలకి నేను చెప్పే మొదటి మాట ఇదే. మీ ప్రయోగానికి నమూనా మట్టి ఎక్కడి నుంచి తేవాలని గైడ్ అడిగితే, మీ పేట పేరు చెప్పండి.

పటాన్‌చెరు అన్నాను కాబట్టి కాస్త ఆగి చెప్పాలి. తెలుగు నేలలో ఈ కథకి పెద్ద పాఠం అదే. 1970లలో వచ్చిన పారిశ్రామికవాడ, మందుల కంపెనీలు, నక్కవాగు, అక్కడి నుంచి మంజీర. 1990లో సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. 1994లో ఉమ్మడి శుద్ధి ప్లాంటు పెట్టారు. డాక్టర్ అల్లాని కిషన్‌రావు లాంటి ఆయన దశాబ్దాల పాటు దాని వెంట తిరిగాడు. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఆ ప్లాంటు శుద్ధి చేసి వదిలిన నీళ్ళనే పరీక్షించింది. సుమారు 90 మందుల కంపెనీల వ్యర్థాలు వచ్చే ప్లాంటు అది. లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ దొరికింది. కొన్ని రకాల బాక్టీరియాని చంపే మోతాదుకి అది వెయ్యి రెట్ల పైమాట. 'శుద్ధి చేసిన' నీళ్ళని మళ్ళీ గుర్తు చేస్తున్నాను. మైల అంటే ఏంటో, శుద్ధి అంటే ఏంటో నిర్ణయించే అధికారం ఎవడి చేతిలో ఉందో వాడే ప్లాంటు గేటు మీద బోర్డు రాసుకుంటాడు.

కోర్టు పరిహారం ఇమ్మంది. అది పంట నష్టం కింద, ఎకరాల లెక్కన నడిచింది. ఎకరం లేనివాడికి లెక్కే లేదు. ఆ చేలల్లో నాట్లేసి, కలుపు తీసి, పాడైన పొలంతో పాటు కూలి పోగొట్టుకున్న మాలమాదిగ ఆడవాళ్ళ నష్టం ఏ పట్టాదారు పుస్తకంలో ఉంటుంది? కాలుష్యం మీద రాసేవాళ్ళలో చాలామంది 'రైతులు' అన్న ఒక్క మాటతో ఊరంతా వచ్చేసిందనుకుంటారు. ఊరు వచ్చింది, వాడ రాలేదు.

నల్గొండ సంగతి ఇంకో రకం. ఫ్లోరైడ్ తీయడానికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వాడే పద్ధతిని నాగ్‌పూర్‌లోని నీరీ 1970లలో తయారు చేసింది. దానికి నల్గొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. టాంజానియాలో, ఇథియోపియాలో, కెన్యాలో ఆ పేరుతోనే పాఠాల్లో ఉంది. నల్గొండ పేరు ఆఫ్రికా దాకా పోయింది, నల్గొండ మనిషి మాత్రం వంగిన ఎముకలతో కృష్ణా నీళ్ళ కోసం కూర్చున్నాడు. పద్ధతి చెడ్డది కాదు. రోజూ పటిక కొలిచి వేయాలి, కలపాలి, అడుగున పేరుకున్న అల్యూమినియం బురద తీసి ఎక్కడో పారేయాలి. దానికి పల్లెలో జీతం ఇచ్చి మనిషిని పెట్టలేదు. పరిశోధన పేపరు దగ్గర పుట్టి పేపరు దగ్గరే ఆగిపోతే జరిగేది ఇదే.

ఆ బురద తీసేదెవరు అన్న ప్రశ్న దగ్గర నేను ఇంకొంచెం మొండిగా నిలబడతాను. మొక్కలతో నేల బాగుచేసే పద్ధతి మీద మన పిల్లలకి మోజు ఎక్కువ. వినడానికి ఎంత బాగుంటుందో. 2001లో ఫ్లోరిడా శాస్త్రవేత్తలు ఒక ఫెర్న్ మొక్క మట్టిలోంచి ఆర్సెనిక్‌ని పీల్చి ఆకుల్లో దాచుకుంటుందని చూపించారు. నిజమే, గొప్ప సంగతే. ఆకుల్లో దాచుకుంది సరే, ఆ ఆకులు కోయాలి, మోయాలి, విషపు చెత్తగా లెక్కగట్టి వేరే పాతరలో పూడ్చాలి. కోసేవాళ్ళు ఎవరు? డ్రైనేజీలోకి దిగుతున్నదెవరో అందరికీ తెలుసు, 2013లో చట్టం వచ్చాక కూడా దిగుతూనే ఉన్నారు. నేల బాగు పని కూడా రేపు కాంట్రాక్టరుకి ఇస్తారు, కాంట్రాక్టరు మన పేటకే వస్తాడు. కాబట్టి ప్రాజెక్టు రిపోర్టులో మొక్క పేరుతో పాటు గ్లవ్స్, మాస్కు, రక్త పరీక్ష, పర్మినెంటు ఉద్యోగం కూడా రాయించాలి. అది రాయని పర్యావరణ ఇంజనీరింగ్ నాకు సగం చదువులాగే కనిపిస్తుంది.

అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం, వారెన్ కౌంటీ. నల్లవాళ్ళు ఎక్కువగా ఉన్న పేద ప్రాంతం. రోడ్ల పక్కన ఎవడో దొంగతనంగా పారబోసిన పీసీబీ రసాయనం కలిసిన మట్టిని తెచ్చి అక్కడ పూడుస్తామంది ప్రభుత్వం. 1982లో జనం లారీలకి అడ్డంగా రోడ్డు మీద పడుకున్నారు. అయిదొందల మందికి పైగా అరెస్టయ్యారు. అయినా మట్టి పూడ్చారు. మనమైతే ఓడిపోయామని రాసుకుని ఇంకో సమస్య మీదికి పోయేవాళ్ళం. వాళ్ళు పోలేదు. బాగుచేసే టెక్నాలజీ వచ్చినప్పుడు చేస్తామన్న ప్రభుత్వ మాటని పట్టుకుని ఇరవై ఏళ్ళు వెంటపడ్డారు, తమ తరఫున శాస్త్ర సలహాదారుల్ని పెట్టించుకున్నారు, ఏ పద్ధతో కూడా కూర్చుని వాదించారు. చివరికి సుమారు 1 కోటి 80 లక్షల డాలర్లు ఖర్చు పెట్టి, ఆ మట్టిని తవ్వి తీసి వేడి మీద విషం విరగ్గొట్టారు. 2003 చివరికి పని ముగిసింది. వారెన్ కౌంటీ అంటే అందరూ 1982 అరెస్టులే చెప్తారు. నాకు ఆ తర్వాతి ఇరవై ఏళ్ళ మీటింగులు ఎక్కువ పాఠం.

మనకి ఇప్పుడు పట్టుకోవడానికి ఒక కాగితం వచ్చింది. 2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నియమాలు ప్రకటించింది. జిల్లా యంత్రాంగం ఆరునెలలకోసారి అనుమానం ఉన్న స్థలాల నివేదిక ఇవ్వాలి. కాలుష్య నియంత్రణ మండలి 90 రోజుల్లో ప్రాథమిక పరిశీలన, ఇంకో 90 రోజుల్లో పూర్తి పరిశీలన చేసి తేల్చాలి. పాడుచేసినవాడు ఖర్చు పెట్టుకోవాలి, వాడు దొరక్కపోతేనో దివాళా తీస్తేనో ప్రభుత్వాలు పెట్టుకోవాలి. తేలాక ఎన్నాళ్ళలో బాగుచేయాలో మాత్రం గడువు రాయలేదు, అది పెద్ద కన్నం. ఈ నియమాలు వచ్చేనాటికి దేశం మొత్తం మీద కలుషిత స్థలాలుగా గుర్తించినవి 103, బాగుచేసే పని మొదలైనవి ఏడు. నూటమూడు! ఇంత దేశంలో. మిగతా నేలంతా బాగుందని కాదు దానర్థం, పరీక్ష చేయలేదని.

మా మామిడి తోటల్నే చూడండి. ఏ జాబితాలోనూ ఉండవు, ఎందుకంటే పచ్చగా ఉంటాయి. బంగినపల్లి, రసాలు, నున్న మార్కెట్ లారీలు. పూత ముందే రావాలని చెట్టు మొదట్లో పాదు తీసి పోసే మందు ఒకటుంది, పాక్లోబ్యూట్రజాల్. కల్తారు అంటారు. కొమ్మ సాగకుండా ఆపి చెట్టుని పూతకి మళ్ళిస్తుంది. ఆకు మీద కొట్టేది కాదు, నేలలోనే పోసేది, నెలల తరబడి మట్టిలో విరగకుండా ఉండేది. తోట సొంతదైతే మోతాదు చూసుకుంటాడు. రెండేళ్ళ గుత్తకి తీసుకున్నవాడికి మూడో ఏడు చెట్టు ఏమైతే ఏంటి? తేనెమంచు పురుగుకి కొట్టే మందుల సంగతి వేరే. ఎండోసల్ఫాన్‌ని సుప్రీంకోర్టు 2011 మేలో ఆపేదాకా ఎన్ని తోటల్లో ఎన్ని డ్రమ్ములు కలిపారో చెప్పగలిగేవాళ్ళు మన పేటల్లోనే ఉన్నారు. గన్ను పట్టుకుంది వాళ్ళే కదా. ఏ తోటలో ఏ మూల డ్రమ్ములు కడిగేవాళ్ళో, ఖాళీ డబ్బాలు ఏ గుంటలో పూడ్చారో వాళ్ళకి తెలుసు. శాస్త్రవేత్త లక్షలు పెట్టి తవ్వి వెతికే సమాచారం అది. ఇటు ఇబ్రహీంపట్నంలో 1979 నుంచి బొగ్గు కాలుతోంది, బూడిద చెరువులున్నాయి. బొగ్గు బూడిదలో ఆర్సెనిక్, క్రోమియం లాంటివి ఉంటాయని పుస్తకాల్లో ఉన్నదే. 2024 సెప్టెంబరులో బుడమేరు డైవర్షన్ కాలువకి గండ్లు పడి ఇళ్ళూ పొలాలూ మునిగినప్పుడు నీళ్ళతో పాటు ఎక్కడెక్కడి బురద ఎవరి ఇంట్లోకి వచ్చిందో ఎవరూ నమూనా తీయలేదు. బియ్యం, పప్పు, కిరాణా ప్యాకెట్ పంచారు.

మీటరు పెట్టి టీడీఎస్ చూసి నీళ్ళు బాగున్నాయని చెప్పే అబ్బాయిలు ఊరూరా తయారయ్యారు. టీడీఎస్ మీటరు ఉప్పు ఎంతుందో చెప్తుంది, అంతే. తాగే నీళ్ళల్లో ఆర్సెనిక్ లీటరుకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదని భారత ప్రమాణం. అంత చిన్న కొలత ఆ మీటరుకి కనపడదు. పురుగుమందూ కనపడదు. టీడీఎస్ 300 ఉన్న నీళ్ళల్లో కూడా విషం ఉండొచ్చు. లోహాలకి వేరే పరీక్ష, పురుగుమందులకి వేరే పరీక్ష, రెండిటికీ సీసాలు కూడా వేరు. లోహాల సీసాలో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేసి పంపాలి, లేకపోతే లోహం సీసా గోడలకి అంటుకుని లెక్క తప్పుతుంది. పురుగుమందులకి గాజు సీసా, చల్లగా ఉంచాలి.

నమూనా పట్టే పద్ధతి మొత్తం వచ్చే భాగంలో రాస్తాను, కెమిస్ట్రీ చెప్పే మా సహోద్యోగి సాయం చేస్తామన్నారు. ఈ లోపు తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ పేటలో బోర్లూ చేతిపంపులూ ఒక పుస్తకంలో రాయండి. ఏ వీధి, ఎన్ని అడుగులు, ఏ సంవత్సరం వేశారు, పక్కన ఏముంది (తోట, డంపింగ్ యార్డు, శ్మశానం, క్వారీ గుంట), నీళ్ళ రంగు రుచి ఎప్పుడు మారింది. మందు కొట్టిన పెద్దాళ్ళ దగ్గర కూర్చుని డ్రమ్ములు కడిగిన చోట్లు గుర్తు పెట్టించుకోండి. రెండూ కలిపి గ్రామసభ తీర్మానంతో కలెక్టరుకి అర్జీ ఇద్దాం, కొత్త నియమాల పేరు పెట్టి, రసీదు తీసుకుని. రసీదు మీద తేదీ స్పష్టంగా పడాలి. తర్వాత 90 రోజులు లెక్కపెట్టాల్సింది మనమే.